సర్వరుకు కట్టిన బంతిపూల దండ

మొన్న పేట్ బషీరాబాద్‌లో మా అమ్మాయి ఒక చేత్తో దోసె తింటూ, రెండో చేత్తో మౌసు రెండుసార్లు నొక్కి, ఎక్కడో ఉన్న సర్వరు బలాన్ని రెట్టింపు చేసేసింది. ఒకప్పుడు అదెంత పెద్ద పనో మన వయసు వాళ్లకు చెబితేనే అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్ని. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మా నాయిన నన్ను ఇంటర్ దాకే చదివించగలిగారు. ఆ ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రీషియన్‌గా ఉన్న మా మేనమామ చెప్పి ఆ ఉద్యోగం ఇప్పించాడు. బీరువా అంత సర్వరు ఒకటి ఉండేది. అందులో లెక్కలు చేసే నాలుగు బోర్డులను రెండేసి చొప్పున రెండు భాగాలుగా పంచారు: ఒక భాగం లారీలకెక్కే మందుల బిల్లుల పనికి, రెండోది కొత్త ప్రోగ్రాముల పరీక్షకు. ఒకే పెట్టెలో ఉన్నా అవి రెండు వేరు యంత్రాల్లా నడిచేవి. నా పని రోజూ లెక్కల నకలు దాచే టేపులు మార్చడమే. అయినా దానితో వచ్చిన లావుపాటి పుస్తకాలు అట్టపెట్టెలోనే మూలుగుతుంటే మనసొప్పక, ఒక్కొక్కటే అడిగి తీసుకొని, సాయంత్రం బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలో ఇంగ్లిషు నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. బోర్డుల స్థితి చూపే ఆదేశం, బోర్డును విడదీసే ఆదేశం, చేర్చే ఆదేశం నోటుబుక్కులో రాసుకొని కంఠతా పట్టాను. మిగతా వాళ్లంతా తెరమీది బొమ్మలు నొక్కేవాళ్లు.

ఆ ఏడు ఆయుధపూజ నాడు మామ సర్వరుకు కుంకుమ పెట్టి, భక్తికొద్దీ పిడికిలి మందం బంతిపూల దండ ముందరి జాలీకి అడ్డంగా కట్టాడు. లోపలికి గాలి పోయే దారి అదేనని ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నానికి వేడెక్కి మందుల భాగంలో ఒక బోర్డు ఆగిపోయింది, మిగిలిన ఒక్కదానికి ఆ బరువు చాలక భాగమంతా పడిపోయింది. బిల్లులు రాక గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి. బొమ్మల తెర కూడా ఆ భాగంలోనే నడిచేది, కాబట్టి నొక్కడానికి బొమ్మే లేదు. సర్వరు కంపెనీ ఇంజనీరు మర్నాటికి గాని రాడు.

మేనేజరు సారు దండ పీకి, “ఇది కట్టినోడు రేపటి సంది గేటు లోపలికి రావద్దు!” అని అరిచారు. మామ ముఖం పాలిపోయింది.

పరీక్షల భాగం నడుస్తూనే ఉంది కదా, అందులోంచి ఒక బోర్డు తీసి దీనికిస్తానన్నాను. “టేపులు మార్చే పిల్లవు, ఏందమ్మా నువ్వనేది?” అన్నారు సారు. కానీ ఆయనకు వేరే దారి లేదు. బోర్డు నెంబరు ఒక్కటి తప్పు కొట్టినా ఉన్న భాగమూ పోతుంది, మామ ఉద్యోగమూ పోతుంది. “జర సూసి కొట్టు బిడ్డా,” అని మామ వెనకాల గొణిగాడు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర ముందు కూర్చొని, పుస్తకం నేర్పినట్టే ముందు బోర్డుల స్థితి చూశాను. చచ్చిన బోర్డు ఏదో, బతికినవి ఏవో వరసగా కనిపించాయి. బతికిన వాటిలో ఒకటి విడదీశాను, పరీక్షల భాగం ఒకసారి ఆగి, మిగిలిన ఒక్క బోర్డుతో లేచింది. విడిపోయిన బోర్డును మందుల భాగానికి చేర్చి, మొదలుపెట్టమన్నాను. నల్ల తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. కాసేపటికి మొదటి లారీ కదిలిన చప్పుడు వినిపించింది.

సారు దండను మామ చేతిలో పెట్టి, “పో, గేటుకు కట్టుకో,” అన్నారు. మామ నా వైపు తిరిగి, “వచ్చే దసరాకు దండ నీకే ఏస్త బిడ్డా, గా పెట్టెకు ఒక్క పువ్వు గూడ పెట్ట,” అన్నాడు. మర్నాటి నుంచి ఆ సర్వరు నా చేతి కిందికి వచ్చింది, పుస్తకాల పెట్టెతో సహా.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. మా అమ్మాయి సర్వరుకు పుస్తకాలు రావు, బీరువా లేదు, జాలీ లేదు. దానికి దండ కట్టాలన్నా ఏ ఊరు వెళ్లాలో పాపం మా పిల్లకే తెలియదు.