నలభై రెండు ఇళ్ల దొరలు

చండ్రుగొండ దాటి అడవిలోకి ఐదు మైళ్లు నడిస్తే ఎర్రవాగు గుంపు వస్తుంది. కోయవాళ్ల చిన్న పల్లెను ఆ వైపు గుంపు అంటారు. ఆ గుంపులో ఉండే భీమక్క గురించి రాయాలని పదిహేనేళ్లుగా అనుకుంటున్నాను. రాస్తే నా తెలివితక్కువతనం కూడా బయటపడుతుందని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు సిగ్గు తగ్గి గర్వం మిగిలింది. అందుకే మొదలుపెట్టాను.

నా పేరు బసవపున్నయ్య. మాది నేలకొండపల్లి. పంతులు ఉద్యోగం వచ్చి చండ్రుగొండ వైపు పడ్డప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. 1971 మార్చిలో జనాభా లెక్కలకు నన్ను అడవి గుంపులకు వేశారు. ట్రైనింగులో మాకు నూరిపోసిన మాట ఒక్కటే: వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ తెలివి కలపకండి. నాకు కలపడానికి పెద్దగా తెలివి కూడా లేదనుకోండి.

ఎర్రవాగు గుంపులో మొదటి ఇల్లు భీమక్కది. అప్పటికి ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. భర్త గుంపుకు పెద్దగా ఉండి చనిపోయాడు. ఆ తర్వాత పెద్దరికం ఎవరూ ఇవ్వకుండానే ఆవిడకు వచ్చేసింది. నేను వెళ్లేసరికి ఇప్పపువ్వు ఆరబోస్తూ ఉంది. చెయ్యి ఆపకుండా నా వైపు చూసింది.

"మీ కులం ఏంది?" అన్నాను.

"మేం దొరలం," అంది.

నేను ఇంటి వైపు చూశాను. వెదురు తడికలు, మట్టి పూత, చూరుకు వేలాడుతున్న రెండు సొరబుర్రలు. మా నేలకొండపల్లి వైపు దొర అంటే వందల ఎకరాలున్న ఆసామి. నవ్వొచ్చింది, మింగాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు కదా, 'దొర' అని రాసి పడేశాను. పక్కింటి పోతయ్య, "ఆమె చెప్పిందే నాది కూడ," అన్నాడు. అలా సాయంత్రానికి నలభై రెండు ఇళ్లు, నూట తొంభై మూడు మంది దొరలు నా కాగితాల్లోకి ఎక్కారు.

ఆవిడ కోయ అని ఎందుకు చెప్పలేదో నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. ఒకసారి సంతలో చింతపండు కొనే వ్యాపారి "ఏయ్ కోయదానా, బుట్ట ఇటు దించు" అన్నాడట. భీమక్క బుట్ట దించలేదు. అమ్మకుండా, ఉప్పు కూడా కొనుక్కోకుండా, ఐదు మైళ్లు మోసుకుని వెనక్కి వచ్చేసింది. ఆ వారమంతా ఇంట్లో ఉప్పు లేని కూరే. సంతలో మర్యాద తెలిసినవాళ్లు కోయవాళ్లను దొరా అనే పిలుస్తారు. సర్కారు మనిషి కాగితం తెచ్చి అడిగితే ఆవిడ ఆ మర్యాద మాటే చెప్పింది. అడవి పక్కనే బతుకుతూ ఆ మాటకు అర్థం తెలియనిది నాకొక్కడికే.

ఇంకో నాలుగైదేళ్లకు గిరిజనుల కోసం సబ్‌ప్లాన్ వచ్చింది. దేశమంతా కట్టే పన్నుల డబ్బులో గిరిజనుల జనాభాను బట్టి ఒక వాటా విడిగా తీసి ఏజెన్సీ ప్రాంతాలకు పంపడం అన్నమాట. చుట్టుపక్కల గుంపులకు బోరింగులు, ఎడ్లు, బడి గుడిసెలు వచ్చాయి. ఎర్రవాగుకు ఏమీ రాలేదు. ఒకసారి బోరింగు జీపు గుంపు దాకా వచ్చి, జాబితా చూసుకుని, "దొరల ఊరికి బోరింగేంది?" అని నవ్వి వెనక్కి తిరిగింది. వాళ్లు వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని తాగేవాళ్లు. పక్క గుంపుకు బిందెలతో పోతే అక్కడివాళ్లు, "దొరలు నీళ్లకొచ్చిన్రు, జరుగున్రి," అని ఆట పట్టించేవాళ్లు.

1979 వానల్లో చెలమ నీళ్లు తాగి భీమక్క మనవరాలు బాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మంచం మీద మోసుకుని దవాఖానాకు తెచ్చారు. అప్పుడు నేను చండ్రుగొండ బడిలోనే ఉన్నాను. పిల్ల బతికింది గానీ, ఆ మంచం వెనక నడిచిన భీమక్క మొహం నాకు నిద్ర పట్టనివ్వలేదు. సబ్‌ప్లాన్ పనులు చూసే ఆఫీసుకు పోయి జాబితా అడిగాను. గుమాస్తా వెంకటప్పయ్య తెరిచి చూపించాడు. 'ఎర్రవాగు గుంపు. జనాభా 193. గిరిజనులు: లేరు.' 

రెండుసార్లు చదివాను. అడవిలో నూట తొంభై మూడు మంది కోయవాళ్లను ఒక్క పూటలో మాయం చేసిన మొనగాణ్ని నేనే. అక్కడికి వచ్చి కళ్లతో చూసేవాడెవడైనా ఉంటే సరిపోయేది. కానీ వచ్చేవాడు కళ్లకంటే జాబితానే నమ్ముతాడు.

"దరఖాస్తు పెట్టించండి పంతులుగారూ, ఊరి పెద్ద వేలిముద్రతో," అన్నాడు వెంకటప్పయ్య. నేనే రాశాను. రాయడంలో తప్పు నా మీదికి రాకుండా చూసుకున్నాను. 'మేము దొరలము కాము, కోయలము. తెలియక పొరపాటున దొరలమని చెప్పుకొన్నాము.' అది పట్టుకుని గుంపుకు పోయాను.

భీమక్క చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది.

"పొరపాటు ఎవలది?" అంది.

నేను ముద్ర వేసే సిరా డబ్బీ మూత తీస్తూ కూర్చున్నాను.

"మా తాత దొర. మా అయ్య దొర. ఇయ్యాల బోరింగు కోసం కాదని వేలేస్తే, ఆ నీళ్లు గొంతు దిగుతయా పంతులూ?"

"వేలెయ్యకపోతే నీళ్లే రావు భీమక్కా. బాలిని చూసినవు కదా."

"చూసిన. నువ్వు చూడకముందే చూసిన." కాగితం నా వైపు నెట్టింది. "నీళ్లు కావాలె. మాట కూడ కావాలె. ఆ రాసెటాయన కాడికి నన్ను తీస్కపో."

మొండిఘటం, అనుకున్నాను. బాలి బతుకు కంటే ఆ మాట ఎక్కువా అని కోపం కూడా వచ్చింది. అయినా తీసుకెళ్లాను. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

జాబితా పట్టుకుని వెంకటప్పయ్య కూడా వచ్చాడు; బస్సులో కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరాం. గిరిజనాభివృద్ధి ఆఫీసరు వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడే. భీమక్కను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చుంది. అదే మొదటిసారి అయినా రోజూ కూర్చునేదానిలాగే కూర్చుంది. ఆయన వాటా సంగతి ఓపిగ్గా వివరించాడు. దేశం ఖర్చులో ఇంత భాగం గిరిజనులకు, అది జనాన్ని బట్టి ప్రాంతాలకు, అందులోంచి ఊళ్లకు.

"అవ్, తెలిసింది," అంది భీమక్క. "పండక్కి అందరం కలిసి వేటకు పోతం సారూ. దొరికింది ఇంటికింత వాటా వేస్తం. వేటకు రాలేని ముసలోళ్లకు కూడ వాటా ఉంటది. గిది గసుంటిదే. వాటాలు పెట్టెటప్పుడు మా గుంపు పేరు పిలవలే."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. "నేను అరగంట చెప్పింది మీరు రెండు ముక్కల్లో చెప్పారమ్మా. కానీ రికార్డులో మీరు దొరలు. దొరలా, కోయలా? ఒకటి చెప్పండి."

అప్పుడు జరిగింది నేను ఎక్కడ చెప్పినా కొంచెం కల్పించావంటారు. కల్పించలేదు. కిటికీ బయట ఒక కోయ ముసలాయన గోచీతో, భుజం మీద వెదురు బొంగుల మోపుతో గేటు దగ్గర ఆగాడు. ఆఫీసు అటెండరు రాందాస్ వరండాలోంచి కేకేశాడు.

"ఓ దొరా! జర పక్కకు జరుగు, జీపొస్తది!"

భీమక్క కుర్చీలోంచి లేచింది.

"విన్నరా సారూ? మీ బంట్రోతే దొరా అంటుండు. గా దొరకు ఎన్ని ఎకరాలున్నయో పిలిచి అడగండి."

ఆఫీసరు నవ్వడం మొదలుపెట్టాడు. వెంకటప్పయ్య నవ్వాడు, ఏం జరిగిందో తెలియని రాందాస్ కూడా కిటికీలోంచి చూసి నవ్వాడు. నవ్వనిది భీమక్క, నేను.

"మర్యాదగ పిలిస్తే మేం దొరలం. మోసం చేసెటోడు పిలిస్తే కోయోళ్లం," అందావిడ. "మనుషులం మాత్రం ఒకళ్లమే. రెండూ రాయండి. ఒకటి కొట్టేసి ఒకటి రాస్తే నేను వేలెయ్య."

ఆఫీసరు తల ఊపాడు. మళ్లీ విచారణ జరిపిస్తానన్నాడు. "కానీ అప్పట్లో లెక్క రాసినాయన స్టేట్‌మెంట్ కావాలి. పొరపాటు తనదని ఒప్పుకోవాలి. ఆయన మీద పైవాళ్లు చర్య తీసుకోవచ్చు. ఎవరో ఏమిటో, ఇప్పుడెక్కడున్నాడో."

భీమక్క నా వైపు చూడలేదు. ఆ ఒక్క సాయం చాలు, జీవితాంతం మర్చిపోను. చూసి ఉంటే నేను తల దించుకుని తప్పించుకునేవాణ్నేమో. "నేనే సార్," అన్నాను.

వెంకటప్పయ్య కాగితం ఇచ్చాడు. రాశాను: 'ఎర్రవాగు గుంపు వారు కోయలు. ఈ ప్రాంతంలో వారిని గౌరవంగా దొరలు అంటారు. వారు చెప్పినది నిజము. అర్థము చేసికొనలేకపోవడము నా తప్పు.' చదివి వినిపించాను. ఈసారి భీమక్క రెండోసారి చదవమనలేదు. వేలు ముంచి, నా సంతకం పక్కన గట్టిగా ఒత్తింది.

నాకు సంజాయిషీ మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. మా ఇంట్లో నెల రోజులు మాటలు పడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను సంతకం పెట్టిన కాగితాల్లో దాచుకోవాలనిపించింది మాత్రం ఆ ఒక్కదాని నకలే. ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది.

మరుసటి ఏడు ఎండాకాలం బోరింగు పడింది. చిన్న గుంపు కదా అని ఒకటే ఇచ్చారు. మొదటి బిందె బాలి పట్టింది, హ్యాండిల్ కొట్టింది భీమక్క. సిమెంటు గట్టు పచ్చిగా ఉండగానే ఊరి పేరు రాయమని నా చేతికి పుల్ల ఇచ్చారు. 'ఎర్రవాగు గుంపు' అని రాయబోతుంటే భీమక్క చెయ్యి పట్టుకుంది. "దొరల గుంపు అని రాయి," అంది. అలాగే రాశాను. పని ముగించి జీపు ఎక్కబోతున్న పనివాళ్లు అది చదివి తలలు గోక్కున్నారు. పక్క గుంపువాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆ మాటతో ఆట పట్టించలేదు.

1981 ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలు. ఆ గుంపులు నాకే వెయ్యండని నేనే అడిగి వేయించుకున్నాను. మొదటి ఇల్లు మళ్లీ భీమక్కదే. వాకిట్లో నిలబడి కాగితాలు తీశాను. కులం గడి దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగింది. ఆవిడ అది గమనించి నవ్వింది.

"అడుగు పంతులూ, భయమేంది? కాయితం మీద కోయ అని రాయి. నోటితోటి దొర అని పిలువు."

రాశాను. తర్వాత మిగతా నలభై నాలుగు ఇళ్లలో, అప్పటికి మూడిళ్లు పెరిగాయి, గడప గడపకూ ఆగి, "దొరా, ఇంట్లో ఎంతమంది?" అని పిలిచి అడిగాను. సాయంత్రం వెళ్లొస్తానని చెప్పడానికి మొదటి ఇంటికి మళ్లీ వచ్చాను. అంతకు ముందు పదేళ్లుగా పేరు పెట్టి పిలిచినావిడ దగ్గర నిలబడి, "పోయొస్తా, దొరసానీ," అన్నాను.

"మంచిది," అంది, తలుపు దగ్గరికి వేసుకుంటూ.