కదురు ముక్కతో నడిపిన పడవ

మా ఆయన మదురైలో నూలు మిల్లు ఫిట్టరు. వారానికొక్క సెలవు. ఆ రోజూ ఇంట్లో నిలిచేవాడు కాదు. బస్సెక్కి తేని ఊరు దాటి పోయి, అక్కడి డ్యాములో చేపల కాంట్రాక్టరు మోటారు పడవను బాగుచేసి వచ్చేవాడు. ప్లగ్గు తుడవడం, గేరు డబ్బాలో ఆయిలు మార్చడం, నీటి కింద తిరిగే ఫ్యానుకు ఇత్తడి పిన్ను వెయ్యడం ఆయన పని. వేలిలో సగం కూడా లేని ఆ పిన్ను దగ్గరే మాకు గొడవ. ఫ్యాను మునిగిన మొద్దుకు తగిలినప్పుడల్లా అది తెగేది.

“తెగిపోయేదాన్ని ఏంటికి వేస్తావు మామా? గట్టిది వెయ్యరాదా?”

“తెగాలనే వేసేది. నువ్వు పోయి చారు చూడు.”

నేను చదివింది మూడో తరగతి, అదీ అరవంలో. కానీ వస్తువు పాడైతే నాకు నిద్ర పట్టదు. మిల్లులో విరిగితే ఆయన ఇంటికి తెచ్చే కదురు కొసల్ని కూడా దాచేదాన్ని. మంచి ఉక్కు. ఒకనాడు పాత ఇత్తడి వేసి కొత్త చెంబు తీసుకుంటుంటే తూకం రవ్వంత తగ్గింది. ఆయన పనిముట్ల డబ్బాలోని పిన్నులన్నీ తెచ్చి తక్కెట్లో పోసినాను. వాటి చోట అదే లావున్న కదురు ముక్కలు పెట్టినాను. ఆయనకు చెప్పలేదు. తెగకుండా ఉంటే ఆయనే మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆ వారం అవతలి గట్టు చూపిస్తానని నన్నూ తీసుకుపోయినాడు. నీళ్ళ నడుమ టక్కుమని ఫ్యానులో ఉన్న ఇత్తడి పిన్ను తెగింది. ఇంజను అరుస్తా ఉంది, పడవ కదల్లేదు. కాలువకు నీళ్ళు వదిలిన రోజది. తూము తలుపులు ఎత్తుండారు. పడవ అటే జారతా ఉంది. ఆయన ఇంజన్ని పైకి లేపి, ఫ్యాను ఊడదీసి, పనిముట్ల డబ్బా తెరిచినాడు.

“ఇత్తడివి యాడ?”

“చెంబులో కలిసిపోయినాయి.”

ఆయన కదురు ముక్క ఒకటి తీసి చూసినాడు.

“ఈ ఉక్కు తెగదు. మొద్దు తగిలితే పిన్ను నిలిచి, లోపలి పళ్ళ చక్రాలు పోతాయి. అవి పోతే తూము దగ్గర మనల్ని ఆపేది ఏదీ లేదు. ముందుకు పోయి నీళ్ళలోకి చూడు. మొద్దు కనబడితే కేకెయ్యి.”

ఆయన ఆ కదురు ముక్కే దూర్చి ఇంజన్ని నీళ్ళలోకి దించినాడు. నేను ముందు బోర్లా పడుకుని చూసినాను. బురద నీళ్ళు. వెనక తూము హోరు.

“ఎడమ పక్క! ఇంకా ఎడమ! ఆపు మామా, ఆపు!”

ఇంజను ఆపేలోపే ఫ్యాను తగిలింది. ఆ దెబ్బ పలక మీదుగా నా రొమ్ములోకి దిగింది. పడవ మళ్ళీ వెనక్కి జారింది. ఆయన ఇంజను తాడు లాగినాడు. పట్టలేదు. మళ్ళీ లాగినాడు.

“తిరగతా ఉందా?”

“తిరగతా ఉంది. నోరు మూసుకుని నీళ్ళు చూడు.”

గడగడా ఊగుతా గట్టు చేరినాము. ఫ్యాను రెక్క ఒకటి చెవి మడిచినట్టు మడతపడిపోయింది. ఆయన పిన్ను కొట్టి తీసి నా అరచేతిలో పెట్టినాడు. దాని మీద గీత కూడా లేదు.

“నీ ఉక్కుకు ఏమీ కాలేదు, చూసుకో.”

ఇంటికొచ్చి, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చారు గరిటె తెచ్చి ఆయన ముందర పెట్టినాను.

“కాడ కొయ్యి.”

“పట్టుకునేదానికి ఏముంటుంది?”

“కొయ్యమంటా ఉండానుగా.”

ఆరు పిన్నులొచ్చినాయి. ఆ పొట్టి గరిటె ఇప్పటికీ వాడతా ఉండాను. చారు కలిపేటప్పుడు ఆవిరికి వేళ్ళు కాలతాయి. కోడళ్ళు కొత్తది కొంటామంటారు. వద్దంటాను.