ఏడో ఎక్కం ప్రార్థన

మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, పక్కన చాప మీద మా మనవరాలు ఎక్కాలు వల్లె వేస్తోంది. ఇంగ్లీషు మీడియం పిల్ల కాబట్టి ఎక్కాలూ ఇంగ్లీషులోనే. ఆరో ఎక్కం గడగడా దాటేసి ఏడులోకి వచ్చింది. "సెవెన్ సెవెన్స్ ఆర్ ఫార్టీ నైన్" దాకా బాగానే నడిచింది. "సెవెన్ ఎయిట్స్ ఆర్..." అని ఆగింది. కళ్ళు మూసుకుని, జవాబు పైనెక్కడో ఉన్నట్టు గడ్డం ఎత్తింది. నేను పేపరులోంచి తల ఎత్తకుండానే "ఆమేన్" అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణాన నాకే తెలీలేదు. పిల్ల కళ్ళు తెరిచి, "తాతయ్యా, ఇది ప్రేయర్ కాదు, టేబుల్స్" అంది, మతిమరుపు వాళ్ళకి చెప్పినట్టు నెమ్మదిగా. నిజమే. రెండూ వేరని ఆ పిల్లకి తెలిసినంత స్పష్టంగా నాకు తెలిసి ఉంటే బాగుండేది.

కరోనా సద్దుమణిగి కాలేజీలు మళ్ళీ గాడిలో పడుతున్న రోజుల్లో మా క్రైస్తవ కాలేజీకి ఫిన్లాండ్ నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. అరవై దాటిన మనిషి. అక్కడ హైస్కూల్లో జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది. ఖాళీ ఇంట్లో కూర్చోలేక, ఎక్కడైనా రెండేళ్ళు పాఠాలు చెబుతానని వాళ్ళ చర్చిలో అడిగితే, ఆ మాట ఎక్కడెక్కడో తిరిగి ఆయన్ని నరసాపురం కాలువ పక్కనున్న మా కాలేజీలో దింపింది. ఆయన్ని చూసుకునే పని ప్రిన్సిపాల్‌గారు నాకు అప్పగించారు. నేను ఇంగ్లీషు లెక్చరర్ని, పైగా కారున్నవాణ్ణి. ఆ రెండు అర్హతలూ చాలనుకున్నారు.

మాస్టారికి మేము అర్థం కాలేదు, మాకు ఆయన అర్థం కాలేదు. అయినా రోజులు గడిచిపోయాయి. పొద్దున్నే టోపీ పెట్టుకుని కాలువ గట్టు మీద నడకకి బయల్దేరితే ఎదురైన ప్రతివాళ్ళూ "ఎక్కడికండీ?" అనేవారు. ఆయన ఆగి, ఎక్కడికో, ఎందుకో, ఎంతసేపట్లో తిరిగొస్తారో వివరంగా చెప్పేవారు. "వీళ్ళకి ఇదంతా ఎందుకు కావాలి?" అని నన్ను అడిగేవారు. అవసరం లేదండీ, ఊరికే అడుగుతారని నేనంటే, అవసరం లేనిది అడగడమెందుకని ఇంకా తికమకపడేవారు. ఆత్రేయపురం పూతరేకులు పెడితే, పైన రేకుల్ని కాగితమనుకుని పొరలు పొరలుగా ఒలిచి, చివరికి లోపలున్న బెల్లం పొడి ఒక్కటే చెంచాతో తిన్నారు. ఆటోవాడు ఆయన్ని చూడగానే గొంతు తగ్గించి "యానాం వెళ్దామా సార్?" అనేవాడు. అక్కడ మందు చవకని తెలీని, అసలు మందే ముట్టని ఆ మనిషి, యానాంలో చూడదగ్గవి చాలా ఉన్నాయి కాబోలనుకుని, చాలాకాలం నన్ను అక్కడికి తీసుకెళ్ళమని అడిగారు. కరెంటు పోతే ఆయన క్వార్టర్స్‌కి ముగ్గురు విసనకర్రలు పట్టుకుని పరిగెత్తేవారు. చీకట్లో కాసేపు ఒంటరిగా కూర్చోవడమే ఆయనకి ఇష్టమని ఎవరికీ తోచేది కాదు. నాతో కార్లో సామర్లకోట వరకు వచ్చినా ఒక్క మాట మాట్లాడేవారు కాదు. కోపమొచ్చిందేమోనని మొదట్లో కంగారుపడేవాణ్ణి. వాళ్ళ ఊళ్ళో పక్కన కూర్చుని ఊరుకోవడమే స్నేహమట.

అసలు చిక్కు ఇవేవీ కావు. తెల్లతోలు, క్రైస్తవ కాలేజీ, ఈ రెండూ కలిస్తే మావాళ్ళ దృష్టిలో ఆయన అయ్యగారే. మా తాతల కాలం నుంచి తెల్లవాళ్ళంటే పాస్టర్లే మరి. పెద్దవాళ్ళయితే "దొరగారు" అనేవారు. ఆయన పాస్టరు కాదండీ, లెక్కల మాస్టారండీ అని నేను ఒకరిద్దరికి చెప్పాను. అంత గట్టిగా చెప్పలేదు. అటెండరు కొత్త బండి కొనుక్కుని ప్రార్థన చేయమని వస్తే మాస్టారు దాని చక్రాలు చూసి, బాగుందని చెప్పి పంపేశారు. ఆ తర్వాత రొయ్యల చెరువు వచ్చింది.

మా చర్చి సంఘం ట్రెజరర్‌గారికి మొగల్తూరు రోడ్డులో చెరువులున్నాయి. అంతకుముందు రెండు పంటలూ తెల్లమచ్చ తెగులు వచ్చి పోయాయి. మళ్ళీ రొయ్య పిల్ల వేస్తూ "దొరగారిని ఒక్కసారి తీసుకురండి సార్, మా గట్టు మీద నిలబడి ఒక్క మాటంటే చాలు" అని నా చేతులు పట్టుకున్నారు. తీసుకెళ్ళాను. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద కొత్త తువ్వాలు, చుట్టూ ముప్ఫైమంది. విషయం తెలిసి మాస్టారు నా చెవిలో, "నేనిది చేయలేను. మా దేశంలో పదిమందిలో దేవుడితో మాట్లాడటమంటే చొక్కా విప్పి నిలబడినట్టు" అన్నారు. నేను, "మీ భాషలో ఏదో ఒకటి అనేయండి. ఇక్కడెవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆయన కాదు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. వాళ్ళ భాషలో ఏదో మెల్లగా, ఒక ఊపులో చెప్పుకుంటూ పోయి, ఒకచోట ఆగారు. నుదురు ముడిపడింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. మళ్ళీ అందుకుని ముగించారు. "ఆమేన్" అన్న కేక చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడుని మించిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో, అంతసేపు ఏం ప్రార్థించారని అడిగాను.

"ఏడో ఎక్కం" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మిగతావి ఆలోచించకుండా వచ్చేస్తాయి. అలా వస్తే నాకు నవ్వొస్తుంది. ఏడెనిమిదుల దగ్గర చిన్నప్పటి నుంచీ ఆగిపోతాను. కష్టపడుతుంటే ముఖం గంభీరంగా ఉంటుంది కదా."

నేను కారు పక్కకి ఆపి మరీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ పంటకి చెరువులో తెల్లమచ్చ రాలేదు. ఇక నా ఫోను మోగని రోజు లేదు. చెరువులు, గృహప్రవేశాలు, ఐస్ ఫ్యాక్టరీ, పరీక్ష రాయబోయే కొడుకు. ఎవరికి తీసుకెళ్ళాలో, ఎవరిని తర్వాత చూద్దామనాలో నేనే నిర్ణయించేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నవాణ్ణి, ఆ ఏడాది సంఘ పెద్దల్లో ఒకణ్ణయ్యాను. మాస్టారు వద్దన్న రోజు నేను ముఖం చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఈ దేశంలో ఆయనకి నేను తప్ప ఎవరున్నారు? టోపీ తీసుకుని కారెక్కేవారు. నేను ఆయన్ని చూసుకుంటున్నాననుకున్నాను. వాడుకుంటున్నానని తట్టలేదంటే అబద్ధమవుతుంది, తట్టింది.

మా అక్క మొగల్తూరులో ఉంటుంది. ఎలిమెంటరీ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయింది. షుగరు వల్ల అప్పటికే ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెంటనే ఆపరేషన్ చేయాలని, ఆలస్యమైతే అదీ దక్కదని రాజమండ్రి డాక్టరుగారు తేదీ ఇచ్చారు. తేదీకి వారం ముందు అక్క ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, ఊరంతా తిప్పుతున్నావంట, ఆ మాస్టారిని నా దగ్గరికి తీసుకురావేంటిరా?" అంది.

మాస్టారు మొదటిసారి గట్టిగా అడ్డం తిరిగారు. "రొయ్యలకి చేశాను. మీ అక్కగారికి చేయను" అన్నారు. ధైర్యం కోసమేనండీ, ఎలాగూ ఆపరేషన్ ఉంది, అయిదు నిమిషాల పని అని బతిమాలాను. వచ్చారు. అక్క మంచం పక్కన నిలబడి, తల మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి చెప్పారు. ఆగేచోట ఆగారు. అక్క తల వంచుకుని అంతా వింది. "ఆమేన్" అని, మా ఇద్దరికీ టీ ఇప్పించింది.

తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. బావ ఫోన్ చేశారు. "ఏం చెయ్యమంటావయ్యా? దొరగారు ప్రార్థన చేశారుగా, కొన్నాళ్ళు చూద్దామంటోంది. నువ్వు తెచ్చిన మనిషే కదా, నువ్వే చెప్పు." చెబుతానన్నాను. చెప్పలేదు. చెబితే అక్కకి ఒక్కదానికే చెప్పినట్టు కాదు, చెరువుల వాళ్ళకీ, సంఘానికీ, అందరికీ చెప్పినట్టే. ఒక నెల అలా పోయింది. అక్క ఎలా ఉందని మాస్టారు అడిగితే బాగానే ఉందనేవాణ్ణి. ఒకరోజు బావ నా కోసం కాలేజీకి వచ్చారు. నేను క్లాసులో ఉన్నాను. మాస్టారు ఎదురుపడి, తనకి వచ్చిన కాస్త తెలుగులో, ఆపరేషన్ ఎలా జరిగిందని అడిగారు.

క్లాసు వదలగానే ఆయన నా కారు పక్కన నిలబడి ఉన్నారు. "మీ అక్కగారింటికి" అన్నారు. దారిలో ఏదో చెప్పబోయాను. "ఇవాళ నేను అన్నదే తెలుగులో చెప్పండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అన్నారు. ఆ తర్వాత మొగల్తూరు వరకు మౌనం. అది స్నేహపు మౌనం కాదని మాత్రం తెలిసింది.

అక్క వరండాలో మొక్కజొన్న పొత్తు ఒలుస్తోంది, చేతులతో తడుముకుంటూ. మాస్టారు కుర్చీ వద్దని నేల మీదే కూర్చున్నారు. "నేను పాస్టర్ని కాదు. నాకు పైకి ప్రార్థన చేయడం రాదు. మీకు చేసింది ప్రార్థన కాదు, ఏడో ఎక్కం. మీరు ఆపరేషన్‌కి వెళ్ళాలి" అన్నారు. నా వైపు చూశారు. నేను, "అక్కా, మాస్టారు ఏమంటున్నారంటే..." అని ఆగిపోయాను.

"నువ్వు చెప్పక్కర్లేదురా, నాకు తెలుసు" అంది అక్క, గింజలు ఒలుస్తూనే. "ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. ఏ భాషలో చెబితే మాత్రం ఆ ఊపు తెలీదా? ఏడెనిమిదుల దగ్గర ఆగలేదూ ఆయన? మా పిల్లలూ అక్కడే ఆగేవాళ్ళు. నోటిదాకా వచ్చింది, అందిద్దామని. పెద్దాయన, చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

"తెలిసే ఆపరేషన్ మానేశావా? ఎందుకక్కా?"

"భయమేసి. కంట్లో సూది పెడతారంటే భయం వెయ్యదంట్రా? భయమంటే మీ బావ ఊరుకోడు, ఎత్తుకెళ్ళి పడేస్తాడు. ప్రార్థన మీద నమ్మకమంటే ఏమనలేడు." ఇంకో పొత్తు అందుకుని, "నువ్వొచ్చి అది ప్రార్థన కాదక్కా అంటావేమో, అప్పుడిక తప్పదు, వెళ్దాం అనుకున్నాను. నువ్వు రాలేదు" అంది. దెప్పుతున్నట్టు కాదు, ఊళ్ళో వాన రాలేదని చెప్పినట్టు.

ఇదంతా నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మాస్టారు అక్క ముఖం చూసి, తనకీ సూదులంటే భయమే అన్నారు. "అయితే రమ్మను నాతో. ఇద్దరం భయపడదాం" అంది అక్క.

రాజమండ్రి ఆసుపత్రిలో, లోపలికి తీసుకెళ్ళే ముందు, అక్క చక్రాల కుర్చీలో కూర్చునే ఆయన చెయ్యి పట్టుకుని "మొదలెట్టండి మాస్టారూ" అంది. ఆయన వాళ్ళ భాషలో, అక్క తెలుగులో, ఇద్దరూ కలిసి ఏడో ఎక్కం చెప్పారు. ఏడేడులు దాటాక ఆయన మామూలుగా ఆగారు. "ఊఁ, ఏడెనిమిదులు?" అంది అక్క, టీచరు గొంతుతో. "యాభై ఆరు" అన్నారాయన తెలుగులో. సంగతేమీ తెలియని బావ "ఆమేన్" అన్నారు. తలుపులు మూసుకున్నాక మాస్టారు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతూ నిలబడ్డారు. ఈసారి ఊపు లేదు. ఏం చెప్పుకుంటున్నారని తర్వాత అడిగితే, "అది మీకు చెప్పను" అన్నారు.

చూపు కొంత దక్కింది. మనుషుల్ని పోల్చుకుంటుంది, వీధిలో నడుస్తుంది, అక్షరాలు మాత్రం ఆనవు. ఇంకొంచెం ముందు తెచ్చుంటే బాగుండేదన్నారు డాక్టరుగారు. ఆ నెల ఆలస్యం నాది. "కాదు, ఆ నెల నా భయానిది, నువ్వు లెక్కలోకి రాకు" అంటుంది అక్క. నా తప్పు నాకు దక్కనివ్వదు. సంఘ పెద్దల కూటంలో లేచి అంతా చెప్పి ఆ పదవి వదులుకుందామని నిలబడ్డాను. విన్నాక మా చర్చి అయ్యగారు తల గోక్కున్నారు. ట్రెజరర్‌గారు మాత్రం, "అయితే ఏంటండి ఇప్పుడు? మా రొయ్యలు బతికాయా లేదా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను మళ్ళీ వెనక బల్ల మీద కూర్చుంటున్నాను. వినయమనుకుంటున్నారు.

మాస్టారు గడువు అయ్యాక వెళ్ళిపోయారు. ఎవరి మీద కోపంతోనో, ఎవరిని క్షమించో, నాకు తెలీదు. క్రిస్మస్‌కి మంచు ఫోటో ఒకటి పంపుతారు, కింద మాటలేమీ ఉండవు. పక్కన కూర్చుని ఊరుకున్నట్టే అనుకుంటాను. ప్రతి శనివారం అక్క దగ్గరికి వెళ్ళి, ఆమె చదవలేని బైబిలు నేను పైకి చదివి వస్తాను. తప్పు చదివితే చూడకుండానే దిద్దుతుంది.

ఆ సాయంత్రం మనవరాలు ఇంకా గడ్డం ఎత్తి వెతుక్కుంటూనే ఉంది. అందిద్దామని నోటిదాకా వచ్చింది, ఆగాను. కాలం చాలా ముందుకు వచ్చేసిందని అందరూ అంటారు, వచ్చే ఉంటుంది. నేను మాత్రం ఏడెనిమిదుల దగ్గర, చెప్పాల్సింది తెలిసి కూడా నోరు విప్పని ఆ నెలలోనే, ఇంకా నిలబడి ఉన్నాను.