బావ అవసరం లేదన్నాడు

తిరుత్తణిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక పాత మిలిటరీ లారీ ఉంది. చూసినవాళ్ళంతా భలే చేశావయ్యా అంటారు. చక్రాల నట్ల దగ్గర్నుంచి వెనక తలుపు గొలుసు దాకా అన్నీ విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. ఆ పనిలో ఒక్క తప్పు చేశాను. అది లారీకి తగల్లేదు, మా బావకు తగిలింది. ఎదురుగా కూర్చుని ఆయనకు చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తప్పు ఒక మాట దగ్గర మొదలయింది. మాది నగరి వైపు. మాకు అవసరం అంటే అందరికీ తెలిసిన అవసరమే, కావలసి ఉండటం. బావవాళ్ళది వెంగల్. ఎన్ని తరాల కిందట వచ్చి స్థిరపడ్డారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగే, కానీ అరవం మధ్య ఉండి ఉండి వాళ్ళ అవసరానికి అరవ అర్థం అంటుకుంది. అక్కడ అవసరమంటే తొందర. అవసరంగా పోవాలంటే గబగబా పోవాలని. అవసరం లేదంటే మెల్లగా కానిద్దామని.

అక్క పెళ్ళి మాటలప్పుడు మా నాయన "ముహూర్తం ఈ నెల్లోనే పెట్టుకుందామా" అని అడిగితే, బావ తండ్రి చెయ్యి ఊపి "అవసరం లేదులేబ్బా" అన్నాడు. మా నాయన కండువా దులిపి భుజాన వేసుకుని లేచి వచ్చేశాడు. దారి పొడుగునా తిట్లే. నాలుగు రోజులకు వాళ్ళు పూలూ పండ్లూ పట్టుకుని వస్తే, సంబంధం వద్దన్నవాళ్ళు మళ్ళీ ఎందుకొచ్చారని మా అమ్మ తలుపు సగమే తీసింది. పెళ్ళి జరిగింది కానీ ఆ మాట మా ఇళ్ళలో వేళాకోళమై మిగిలిపోయింది. బావ ఎప్పుడు "అవసరం లేదు" అన్నా అక్క వెంటనే "వద్దనా, మెల్లగాననా?" అని అడిగేది. కాఫీ దగ్గరా అదే, కొత్త చొక్కా దగ్గరా అదే. పోను పోను అందరికీ అలవాటైంది. నేనే ఎన్నిసార్లు అడిగి ఉంటానో.

బావ మిలిటరీలో లారీ డ్రైవరు. పింఛను మీద ఇంటికొచ్చాక, మిలిటరీవాళ్ళు వేలంలో తీసేసిన లారీ ఒకటి కొని తోలుకొచ్చాడు. "ఇన్నేండ్లు ఊరోళ్ళ బండి తోలినా, ఇది నాది" అన్నాడట. పొడుగు ముక్కు, తలుపులకు అద్దాల్లేవు, ఎక్కి కూర్చుంటే తిన్నది గొంతులోకొచ్చేది. దాంట్లో సముద్రం ఒడ్డునున్న పళవేర్కాడుకు ఐసు గడ్డలు తీసుకుపోయేవాడు, రొయ్యల బుట్టలతో పొన్నేరి మీదుగా తిరిగొచ్చేవాడు. కోతల కాలంలో వెంగల్ వడ్లు మిల్లుకు తోలేవాడు. క్లీనర్లు ఎవరూ నిలవడం లేదని అక్కే పక్కన ఎక్కింది. లారీ వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి, కొంగు బిగించి, "రా, రా, రా, నిలుపు" అని అరిచేది ఆమే.

తిరుగు దారిలో అక్కకు నిద్ర ఆగేది కాదు. ఇంజను వేడికి నుదురంతా చెమట. స్టిక్కర్ బొట్టు జారిపోతుందని తీసి, ముందు అద్దం పైనున్న ఇనప పట్టీకి అంటించి కళ్ళు మూసుకునేది. ఇంటికొచ్చాక దాని సంగతి మరిచిపోయి అట్టలోంచి ఇంకోటి తీసి పెట్టుకునేది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆ పట్టీ పొడుగునా మెరూన్ బొట్లు, గోరంతవి. ఎండ తగిలేవైపువి వెలిసి గులాబీ రంగుకు తిరిగాయి. ఆ బండి నేను ఎన్నోసార్లు ఎక్కాను, ఆ బొట్లు ఎన్నోసార్లు చూశాను. ఎన్ని ఉండేవో మాత్రం లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను.

అక్క జబ్బు చేసి పోయాక బావ లారీ తియ్యలేదు. పశువుల కొట్టం పక్కన నిలిపి టార్పాలిన్ కప్పేశాడు. అప్పటికి నేను తిరువళ్ళూరు దగ్గర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై ఇంట్లో కూర్చుని, ఫ్యాను చప్పుడులో కూడా తప్పులు పట్టి మా ఆవిడ చేత చీవాట్లు తింటున్నాను. ఆ లారీ నాకివ్వమని అడిగాను. మిలిటరీలో ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా, ఒరిజినల్‌గా చేసి చూపిస్తానన్నాను. బావ చాలాసేపు టార్పాలిన్ తాడు ముడి విప్పుతూ ఉండిపోయాడు.

"తీసకపో. ఏమన్నా చేసుకో. ఆ పైన పట్టీ జోలికి మాత్రం పోవద్దప్పా. ఆ బొట్లు నాకు కావల్ల. నేనే వచ్చి నిదానంగా తీసుకుంటా" అన్నాడు.

సరే బావా అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

ప్రతి ఆదివారం ఆయన బస్సులు మారి తిరుత్తణికి వచ్చేవాడు. నేను కొలతల మనిషిని, ఆయన చెవి మనిషి. నేను గేజి వెతుక్కునే లోపల ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని "మూడోది సరింగా కొట్టడంల్యా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. విప్పి చూస్తే మూడో సిలిండరే. చక్రాల మీది కమాను కట్టలు దించి ఒక్కో ఆకుకూ గ్రీజు పట్టించాం. తొట్టిలో కుళ్ళిన చెక్కలు తీసి కొత్తవి కోసి వేశాం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంజను అందుకుంది. షెడ్డంతా పొగ. బావ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు, పొగకని చెప్పాడు. ఆ పూట మా ఆవిడ చేసిన పులుసు అడిగి రెండోసారి వేయించుకున్నాడు. అక్క పోయాక ఆయన అలా తినగా నేను చూడలేదు.

పట్టీ పని మాత్రం వారం వారం వాయిదా పడేది. డ్రైవరు సీట్లో కూర్చుని దానివైపు చూసేవాడు. గోరు ఒక బొట్టు దగ్గర దాకా తీసుకుపోయి వెనక్కి తీసుకునేవాడు. "గమ్ము ఎండిపోయిందప్పా, లాగితే చినిగిపోతాయి. ఎట్ల తీసేదో ఎవురినన్నా అడగల్ల" అనేవాడు. నాకు లోపల్లోపల విసుగు. అంత పెద్ద ఇంజను దించి ఎక్కించినవాళ్ళం, నాలుగు స్టిక్కర్ల దగ్గర ఆగిపోయామే అని.

ఇంతలో చెన్నైలో పాత బండ్ల ప్రదర్శన ఉందని తెలిసి పేరిచ్చాను. ముందుగా చూసిపోవడానికి ప్రదర్శనవాళ్ళ తరఫున ఒకాయన వచ్చాడు. నేల మీద పడుకుని బండి కింద కూడా చూశాడు, ఎక్కడా వంక దొరకలేదు. చివరికి లోపల తల పెట్టి పట్టీ వైపు వేలు చూపించి, "ఇదెన్న సార్, మిలిటరీ లారీకి పొట్టా?" అని అరవంలో అడిగి నవ్వాడు. పొట్టు అంటే వాళ్ళకు బొట్టు. నేనూ నవ్వాను. మా అక్క బొట్టు చూసి ఎవరో నవ్వితే, ఆ మనిషి ముందు తక్కువైపోతానేమోనని నేనూ పళ్ళికిలించాను. అంతా తీసేస్తాను సార్ అని కూడా అన్నాను.

లోపల రంగు కొట్టే ఆయన సోమవారం వస్తానన్నాడు. శనివారం పొద్దున బావకు ఫోన్ చేశాను. ఆయన పూండి వైపు ఏదో పనిమీద పోతూ బస్సులో ఉన్నాడు.

"బావా, పెయింటాయన ఎల్లుండి వస్తాడంట. పట్టీ ఒగటే మిగిలుండేది. రేపు వచ్చి ఆ బొట్లు తీస్తావా?" అన్నాను.

"రేపు కుదరదప్పా. అవసరం లేదులే" అన్నాడు.

అటువైపు బస్సు హారను మోగింది. నేను ఫోను పెట్టేశాను.

వద్దనా, మెల్లగాననా అని ఒక్క మాట అడిగి ఉండాలి. అడిగితే మెల్లగానే అంటాడని నాకు తెలుసు. తెలుసు గనకే అడగలేదు. ఆయన మాటను ఇన్నేళ్ళూ వెంగల్ అర్థంతో విన్నవాణ్ణి, ఆ ఒక్క పూట నగరి అర్థంతో విన్నాను, అది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి. తర్వాత మా ఆవిడ అడిగితే పొరపాటు పడ్డానని చెప్పాను. అది అబద్ధం.

పెయింట్ రిమూవర్ పూసి పావుగంట ఆగాను. రంగు పొక్కులు పొక్కులుగా లేచింది, దాంతోపాటు బొట్లూ ముడుచుకుని లేచాయి. స్క్రేపరుతో ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే అంతా ఒక ముద్దగా వచ్చి పాత పేపర్లో పడింది. గరుకు ఉప్పు కాగితంతో రుద్దాను. ఇనుము తళతళలాడింది. ఆ ముద్దను పెరట్లో చెత్తతో కలిపి తగలబెట్టాను. పని ఎంత శుభ్రంగా వచ్చిందీ అని మురిసిపోయాను, అది దాచుకుంటే ఇదంతా రాసి లాభం లేదు.

సోమవారం లోపలంతా ఆకుపచ్చ రంగు పడింది. బావ ఆ తర్వాతి ఆదివారం వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. "యాడ ఉండావప్పా" అంటూ షెడ్డులోకి వచ్చి నేరుగా లారీ ఎక్కాడు. నేను కింద దూరి, ఏ పనీ లేకపోయినా గ్రీజు గన్ను పట్టుకుని పడుకున్నాను. ఎంతసేపని దాక్కుంటాను, బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన తల ఎత్తి ఆకుపచ్చ పట్టీని చూస్తున్నాడు. ఒళ్ళో చిన్న సీసాలో కొబ్బరినూనె, కాగితం విప్పని బ్లేడు, అక్క బొట్టు బిళ్ళల అట్ట. ఖాళీ అట్ట. నూనె వెచ్చబెట్టి పూసి, గమ్ము వదిలాక ఒక్కోటీ తీసి మళ్ళీ ఆ అట్టకే అంటించుకుందామని తెచ్చుకున్నాడు. ఎవరినో అడిగి కనుక్కుని వచ్చాడు.

"తీసేసినావా?" అన్నాడు.

"నువ్వే కదా బావా అవసరం లేదంటివి" అన్నాను.

నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. బావ నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

"అవును, అంటి" అన్నాడు. "నా తెలుగు అట్లాంటిది. మీ యక్క చెప్తానే ఉండె, నీ మాటతో ఎప్పుడో కొంప ముంచుతావని."

తప్పు తన మీద వేసుకున్నాడు. అక్కడికక్కడే "కాదు బావా, నాకు తెలిసే చేశాను" అనేసి ఉండాలి. ఆయన అట్టను చొక్కా జేబులో పెట్టుకుని, సీసా మూత తీసి, తలుపు కీళ్ళకు కొబ్బరినూనె పోశాడు. "కిర్రుమంటా ఉండాయి" అన్నాడు. ఆ కీళ్ళకు నేను ముందు వారమే గ్రీజు పెట్టాను, వాటికి కిర్రు లేదు. కీళ్ళకు కొబ్బరినూనె పోసేవాణ్ణి చూస్తే ఒకప్పుడు బావ నాలుగు వీధులకు వినబడేలా తిట్టేవాడు.

ప్రదర్శనకు లారీని ఆయనే తోలాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి పక్కన నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. బొట్లు చూసి నవ్విన ఆయనే వచ్చి, లోపల ఎంత నీట్‌గా ఉందో చూడండని పదిమందికి చూపించాడు. నాకు బహుమతిగా ఒక కప్పు ఇచ్చారు. బావ చప్పట్లు కొట్టాడు. ఆ కప్పును మా ఆవిడ షోకేసులో పెడితే నేను తీసి అటక మీద పెట్టాను.

ఆ తర్వాత కూడా ఆయన ఆదివారాలు వచ్చేవాడు, కానీ డ్రైవరు సీట్లో ఊరికే కూర్చోవడం మానేశాడు.

ఆయుధపూజ వచ్చింది. దానికి ముందురోజు నేను తిరుత్తణి బజారులో మూడు అంగళ్ళు తిరిగి, అక్క పెట్టుకునే రకం మెరూన్ బొట్ల అట్ట ఒకటి వెతికి తెచ్చాను. ఎంత తెలివితక్కువ పనో తెలిసే తెచ్చాను. పూజ రోజు లారీకి మాల కట్టి, అద్దానికి పసుపు కుంకుమ పెట్టాక, మా ఆవిడ లోపలికెక్కి ఆ అట్టలోంచి ఒక బొట్టు తీసింది. పట్టీకి అంటించడానికి చెయ్యెత్తింది.

"అవసరం లేదమ్మా" అన్నాడు బావ కింద నుంచి.

మా ఆవిడ చెయ్యి అలాగే పైన ఆగిపోయింది. నావైపు చూసింది. ఈసారి అడిగాను. ఆ శనివారం అడగాల్సినదాన్ని అప్పుడు అడిగాను.

"వద్దనా బావా, మెల్లగాననా?"

ఆ మాట వినగానే ఆయన తల చటుక్కున నావైపు తిరిగింది. ఎవరో పిలిచినట్టు మొహం వెలిగి, పిలిచింది నేనేనని చూసి మామూలయింది.

"ఇంక రెండూ ఒగటేలేప్పా" అన్నాడు. "నిమ్మకాయలు పెట్టు."

నేను వంగి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ఆయన పైకి చూడకుండా ఎక్కి కూర్చుని బండి ముందుకు తీశాడు.