పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఫ్రేములు

చిన్న వ్యాపారంలో ఖర్చులు తగ్గించుకోవడానికి చాలా మార్గాలున్నాయి. బీకాం చదివాను కాబట్టి అవన్నీ నాకు తెలుసు. భవానీపూర్ అనే బెంగాలీ పేటలోని మా ఇడ్లీ కొట్టులో ఒక్కొక్కటే అమలు చేశాను. మధ్యాహ్నాలు ఫ్రిజ్ ఆపేశాను. చట్నీ పులిసి తన అభిప్రాయం చెప్పింది. గ్యాస్ మంట తగ్గించాను. ఇడ్లీ ఉడికేలోపు కస్టమర్లు ఆఫీసుకి వెళ్ళిపోయారు. సాంబారు కాస్త పలచన చేశాను. అందరూ రెండోసారి పోయించుకోవడం మానేశారు.

ఇక మిగిలింది అద్దె. ఇంటాయన దాన్ని పెంచాడు. కట్టలేకపోతే కొట్టు మూసి, గ్రైండరు ఎత్తుకుని లిలువాలో మామగారింటికి చేరాలి. ఆయన రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. నేను వ్యాపారం పెడతానన్న రోజు ఆయన ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకింకా గుర్తుంది.

మా అమ్మకం మధ్యాహ్నం కాకముందే అయిపోతుంది. తర్వాత గది ఖాళీ. ఆ ఖాళీలో ఇంకొకరు వ్యాపారం చేసుకుంటే అద్దె సగమవుతుంది. ఇంటాయనే ఒక మనిషిని చూపించాడు. మెత్తగా మాట్లాడే బెంగాలీ దాదా, అంటే వాళ్ళ భాషలో అన్న. ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కడతాడు. ఎవరి ఫోటోలని అడగడం నాకు తోచలేదు. అద్దె సగమవుతున్నప్పుడు మనిషి ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు.

మర్నాడు షట్టర్ ఎత్తితే గోడ నిండా ముఖాలు. నుదుట చందనం చుక్కలు, మెడలో ప్లాస్టిక్ దండలు. శ్రాద్ధానికి సిద్ధమైన ఫోటోలు. జిగురు ఆరేదాకా గోడకే ఉండాలట.

తెలంగాణ నుంచి వచ్చిన ఐటీ కుర్రాళ్ళు ప్లేట్లు పట్టుకుని చుట్టూ చూశారు.

"అన్నా, గీళ్ళంతా మీ తాతలేనా?"

"వ్యవస్థాపకులు" అన్నాను.

వాళ్ళు గోడకి వీపు పెట్టి కూర్చున్నారు. కాసేపటికి మెడలు తడుముకున్నారు. ఆ వారమే పార్సిల్‌కి మారారు. ప్లేట్లు కడిగే ఖర్చు తగ్గిందని సంతోషించాను. తర్వాత పార్సిళ్ళూ తగ్గాయి.

"ఏటండీ ఇది?" అంది మా ఆవిడ. "ఆ మూలాయన నన్నే చూస్తన్నాడు."

"ఫోటో కదా, అందరినీ చూస్తుంది."

"కాదు, సాంబారు గిన్నెకేసి చూస్తన్నాడు. నీళ్ళు పోసీసినారని తెలిసిపోయినట్టుంది."

మానకుండా వచ్చేది ఒక్క ముసలాయనే. రిటైరైన బెంగాలీ పెద్దమనిషి, మా ఆవిడని కోడలి వరస కలిపి 'బౌమా' అంటాడు. సాంబారు వద్దు, చట్నీ మాత్రం రెండుసార్లు కావాలి. సాంబారు విషయంలో ఆయన నిర్ణయాన్ని నేను గౌరవించేవాణ్ణి.

ఒక పొద్దున షట్టర్ ఎత్తితే గోడ మీద ఆయన ముఖం. చందనం చుక్కలు, దండ, అన్నీ ఉన్నాయి.

మా ఆవిడ గరిట కింద పెట్టేసింది. "నిన్న కూడా చట్నీ అడిగినాడు కదండీ" అంది. పోయినవాళ్ళ ఫోటో ముందు వాళ్ళకిష్టమైనది పెట్టడం మా ఇళ్ళల్లో అలవాటు. ఫోటో కింద బల్ల మీద ప్లేటులో ఇడ్లీలు, సాంబారు లేకుండా, చట్నీ రెండింతలు పెట్టింది. అగరొత్తి వెలిగించింది. ఉన్న కొద్దిమంది కస్టమర్లూ తినడం ఆపి తలలు వంచారు.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. గొడుగు మూస్తూ ముసలాయన లోపలికొచ్చాడు.

ఆయన తిన్నగా ఆ బల్ల దగ్గర కూర్చుని, అగరొత్తిని పక్కకి జరిపి, ఇడ్లీ తుంచాడు.

"ఇవాళ అడక్కుండానే పెట్టావే, బౌమా!"

ప్లేటు ఖాళీ చేశాక తల ఎత్తి ఫోటో చూసుకున్నాడు. "చెవులు సరిగా రాలేదు" అన్నాడు. ముందే చేయించుకున్నాడట. పోయాక పిల్లలు కంగారులో ఏదో ఒక ఫోటో పట్టుకొస్తారు, పైగా ధర పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడంలో ఆయన నాకంటే చాలా ముందున్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడకి రాలేదు. "పోయినోళ్ళకి పెట్టిన కూడు తినీసినాడండీ" అంది గొంతు తగ్గించి. ఆ మాట వినగానే మిగతావాళ్ళు టీ వదిలేసి లేచారు. మర్నాటి నుంచి ముసలాయన ఒక్కడే. ఒక్కడి చట్నీతో సగం అద్దె కూడా రాదు.

"ఆ ముకాలన్నా పోవాలి, మనవన్నా పోవాలి" అంది మా ఆవిడ.

దాదాకి చెబుదామని మధ్యాహ్నం వెళ్ళాను. అదే గది, కానీ నాది కాదు. సాంబారు వాసన పోయి జిగురు వాసన. దాదా తల ఎత్తకుండా, అందరినీ అడిగినట్టే, మెల్లగా అడిగాడు: "ఫోటో ఎవరిది?"

"ఇంకా ఎవరిదీ కాదు" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు.

ఆయన నన్ను గుర్తుపట్టి నిట్టూర్చాడు. "నేనే మీ దగ్గరికి రావాలనుకున్నాను దాదా. గది ఖాళీ చేసేస్తాను. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఏడుస్తూ వస్తారు. గోడల్లో మీ వాసన ఇంకా ఉంటుంది. వాళ్ళకి ఆకలేస్తుంది. ఆకలేసినందుకు సిగ్గుపడి వెళ్ళిపోతున్నారు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పాను. మా ఆవిడ ఇంకో గిన్నెడు పప్పు నానబెట్టడానికి లేచింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు కూడా ఇడ్లీ వేస్తున్నాం. ఆవిరి మీద ఉడికినదే, మైలలో ఉన్నవాళ్ళు వస్తారు కాబట్టి చట్నీలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ఫోటో కోసం వచ్చినవాళ్ళూ, వాళ్ళ వెంట వచ్చిన చుట్టాలూ ముందు వద్దంటారు, తర్వాత తింటారు. సాంబారు చిక్కగానే కాస్తున్నాం. దాదా ఉండిపోయాడు, అద్దె సగమే కడుతున్నాం, గ్రైండరు లిలువా వెళ్ళలేదు.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. వాళ్ళకి వడ్డించే ముందు మా ఆవిడ గోడ కింద ఒక ప్లేటు పెడుతుంది. చీకటి పడేసరికి అది ఖాళీ అవుతుంది. ముసలాయన పొద్దున తప్ప రాడు. నేను దాదాని అనుమానించాను, దాదా నన్ను అనుమానించాడు. ఇది అనవసరపు ఖర్చు, ఆపేద్దామని ఒకసారి అన్నాను.

"అడగండి" అంది ఆమె, గోడ వైపు చూపించి. "ఎవులికి మానీమంటారో మీరే అడగండి."

నేను అడగలేదు.