నా శనివారాలు పట్టుకెళ్లిన మేడమ్

మంగళవారం పొద్దున నేను పప్పులో రాళ్లు ఏరుతుంటే, ఫోను మాట్లాడుతున్న మా మనవరాలు గోడకు చేరగిలబడిపోయింది. "మామ్మా, మేడమ్ పోయారు" అంది. గుండెపోటట. వాళ్ల తాతయ్య పోయినప్పుడు కూడా అది అంతగా ఏడవలేదు. వీపు నిమురుతూ నేను గమనించింది అదే. కుళ్లుకున్నాను. పోయిన మనిషి మీద కుళ్లేమిటని అనుకునేవాళ్లు అనుకోండి. ఇది నా ఫిర్యాదు. నాకు చదువు రాదు, మనవరాలికి తెలుగు రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

మేము ఉండేది దేశ రాజధానిలో, మునిర్కా అనే పేటలో, మూడో అంతస్తులో. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే పిల్లను పెంచింది నేను. అది చదివిన కాలేజీలో పాఠాలే తప్ప యంత్రాలు లేవు. మేడమ్ పెద్ద యూనివర్సిటీలో సైన్సు ప్రొఫెసరు, తన ల్యాబులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. శనివారం యంత్రాలన్నీ బయటి కాలేజీల పిల్లలకే. సిఫార్సు ఉత్తరాలు అక్కర్లేదు, తలుపు పక్కన పలక మీద పేరు రాసుకుంటే వరసలో పిలుస్తారు. సొంత విద్యార్థులు ఆ రోజు పక్కన నిలబడి నేర్పాలి. "ఊకె ఉన్న మిషిన్ ఇనుప ముక్కతో సమానం" అనేవారట. ఆవిడది వరంగల్ వైపు.

మా పిల్ల అలాగే పేరు రాసుకుంది. మూడు శనివారాలన్నది, అక్కడే పరిశోధనకు చేరడంతో ఐదేళ్లయింది. అంతకు ముందు శనివారం నాది. నా తలకు నూనె రాసేది, గోళ్లు తీసేది, చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకెళ్లేది. తర్వాత ఇంట్లో ఏ మాటెత్తినా "మేడమ్ అలా అనరు". టీలో చక్కెర మానేసింది, మేడమ్ వేసుకోరని. నేనల్లిన జడ పోయి, పెన్సిలు గుచ్చిన ముడి వచ్చింది. అదీ ఆవిడదే.

గుర్‌గావ్ కంపెనీలో వచ్చిన ఉద్యోగం కూడా ల్యాబు కోసం వద్దనుకుంటే ఇక ఊరుకోలేక, నిలదీద్దామని ఆటో ఎక్కి ల్యాబుకు పోయాను. ఎర్రటి ఎండాకాలం. ఆవిడ స్వెట్టరు వేసుకుని ఎదురొచ్చారు.

"రా పెద్దమ్మా. కొట్లాట తర్వాత. ముందుగాల గీ శాలువ కప్పుకో, లోపల సలి ఉంటది."

చల్లగదిలో కూర్చోబెట్టి వాళ్ల పని చెప్పారు. ఒంట్లో ఒక్కో కణంలో మనిషి పొడవును మించిన దారం ఉంటుందట, కంటికి కనబడని పూసల చుట్టూ చుట్టుకుని ఇముడుతుందట. నేను చీరాల వైపు మగ్గాల ఇంట పుట్టినదాన్ని, ఆరేళ్లకే నూలు కండెలు చుట్టాను. ఒక్కో పూసకు ఎన్ని చుట్లని అడిగాను. రెండు కూడా నిండవన్నారు.

"అట్టా చుడితే జారిపోదూ?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఏడ జారుతది, ఏడ ఆగుతది, గదే మేం సూసేది. నీ మనవరాలు గదే పని మీదుంది."

అక్కడే నేను తప్పు చేశాను. గాజు బిళ్ల మీద ఒక వెంట్రుక కనబడితే, అన్నంలో పడ్డదాన్ని తీసినట్టు తీసి విసిరేశాను. మా పిల్ల మొహం మాడిపోయింది. అది పిల్లి మీసమట. దారమూ పూసా ఎలా ఉన్నాయో చూడాలంటే ముందు వాటిని ఉప్పురవ్వల్లా పేరబెట్టాలి. పాత రవ్వకు మీసం తాకించి కొత్త చుక్కలో గీస్తే, దానికి అంటుకున్న నలుసుల వెంట కొత్తవి పెరుగుతాయట.

"కొత్తది తెచ్చియ్యి పెద్దమ్మా, మాఫ్ చేస్త" అన్నారు మేడమ్.

మా మెట్ల మీదికొచ్చే పిల్లికి పాలు పోసి, రాలిన మీసాలు ఏరి మాత్రల డబ్బాలో పంపాను. అందిన ప్రతిసారీ ఫోను చేసేవారు. ఉద్యోగం మాట ఇక ఎత్తలేకపోయాను. ఒకసారి మాత్రం కడుపులోది అనేశాను, నా పిల్లను మీ పిల్లను చేసుకున్నారని.

"గంత సన్నపు పని జేసే చెయ్యి నేను నేర్పితే రాలే పెద్దమ్మా. అది నీ కండెల కాడి నుంచే వచ్చింది."

ఆ మాట ఆవిడ అనక్కర్లేదు. అన్నారు. అందుకూ కుళ్లే, నాకు అంత పెద్ద మనసు లేదని.

ఇప్పుడు ల్యాబు చూసుకుంటున్నాయన శనివారం పద్ధతి ఆపేద్దామన్నాడట, దగ్గరుండి నడిపేవాళ్లు లేరని. మా పిల్ల ఆ రాత్రి అన్నం దగ్గర నన్నడిగింది. "నేను నిలబడితే నడుస్తుంది మామ్మా. కానీ శనివారం నీది. వద్దంటే మానేస్తాను."

రెండు రోజులు వద్దనే అనుకున్నాను. మూడో రోజు, "నేనూ వస్తా పద" అన్నాను.

ఆ శనివారం ల్యాబు తలుపు దగ్గర సోనీపత్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె పరీక్షకు తెచ్చినవి పెట్టిన ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా పిల్ల లోపలికి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఓపిగ్గా మర తిప్పుతూ "దిఖా?" అంది, కనబడిందా అని. చాలాసేపటికి "దిఖా, దీదీ" అని ఆ పిల్ల తలెత్తింది. మా పిల్లను చూసిన ఆ చూపు నాకు తెలుసు, మేడమ్ మాటెత్తినప్పుడల్లా మా పిల్లదీ అదే చూపు. సోనీపత్‌లో ఏ వంటింట్లోనో ఒక ముసలిది రొట్టెల మీద మూత పెట్టి, ఈపాటికి రావాలే అని వీధి వైపు చూస్తూ ఉంటుంది.