పళ్లెంలో నా చీటీ

ఎం.ఏ. ఫిలాసఫీ తరగతిలో నేనొక్కదాన్నే అమ్మాయిని. ఏడాదిన్నరలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. బస్సులో "ఆపండి" అనడానికి కూడా నోరు రాక, తర్వాతి స్టాపులో దిగి నిజాంపేట హాస్టలుకు వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. సభలు జరిగితే మాత్రం నాకు రెండు పనులు ఖాయం: అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడం, జనం రాసిచ్చిన ప్రశ్నల చీటీలు పోగుచేసి చదవడం.

తత్వశాస్త్రం మామూలు జనానికి చేరాలని ఆ ఏడు మా శాఖ వాళ్లు హఫీజ్‌పేట్‌లో ఒక కాలనీ హాల్లో ఆదివారం ఉపన్యాసం పెట్టారు. హైటెక్ సిటీ కట్టడాలు లేస్తున్న రోజులవి. గుమ్మం ముందు విడిచిన చెప్పులన్నీ ఎర్రమట్టి కొట్టుకుని ఉన్నాయి. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన రిటైరైన ప్రొఫెసరు మాట్లాడారు. ఆలోచనకు తీరిక కావాలని, తీరిక దొరికిన మనిషే తత్వవేత్త అవుతాడని గంటసేపు చెప్పారు.

నేను చీటీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని చివరి వరసలో, హాలు ఊడ్చే ఆమె పక్కన కూర్చున్నాను. వింటూ వింటూ ఒక చీటీ రాసి, మడిచి, మిగతావాటిలో కలిపేశాను. పేరు రాయలేదు.

తర్వాత ముందుకెళ్లి ఒక్కొక్కటే చదివాను. నాలుగోది నాది. "ఆ తత్వవేత్త ఆలోచిస్తున్నంతసేపూ వంట చేసిందెవరు? వండుతుండగా ఆమెకు వచ్చిన ఆలోచనలు ఏ పుస్తకంలో ఉన్నాయి?"

ప్రొఫెసరు కళ్లజోడు తీశారు. "ప్రశ్నంటే ఇదండీ! అడిగినాయన ఒక్కసారి లేవాలండి, చూస్తాను."

అందరూ మా సీనియరు వైపు తిరిగారు. ఎక్కడైనా ప్రశ్నలడిగేది అతనే. వెనకనుంచి ఎవరో అతని భుజం చరిచి, "ఏందన్నా, జోర్దార్ అడిగినవ్ పో!" అన్నారు. అతను అటూ ఇటూ చూస్తూ కుర్చీలో కదిలాడు.

నేను అయిదో చీటీ విప్పాను. అది చదివేస్తే చాలు, ఎవరూ నావైపు చూడరు. కానీ నా ప్రశ్న అతనిదైపోతుంది. చీటీ మళ్లీ మడిచేశాను.

"నేనేనండి," అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ అన్నాను. "అడిగింది నేనండి."

ఆయన నావైపు తిరిగారు. "అయ్యో, నువ్వా అమ్మా! ఆయన అనేశాను, తప్పు నాదేనండి. నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పు."

చెప్పాను. ఏం చెప్పానో సగం గుర్తులేదు. ఎవరూ నవ్వలేదన్నది గుర్తుంది.

అయిపోయాక సీనియరు వచ్చి చేతులు జోడించాడు. "బచాయించినవ్ తల్లీ! లేచి ఏం జెప్పాల్నో తెల్వక చెమటలు పట్టినయ్ నాకు."

హాలు ఊడ్చే ఆమె కుర్చీలు మడుస్తూ నన్ను పిలిచింది. "నా పక్కన్నే కూసోని రాస్తివి గదా బిడ్డా, చెప్తదా చెప్పదా అని పరేషానైన. జర ఆగి నేనే చెప్పెదాన్ని."

తిరుగు బస్సులో ఒళ్లంతా తేలికై కునుకు పట్టేసింది. కళ్లు తెరిచేసరికి బస్సు నా స్టాపులోంచి కదులుతోంది.

"ఆపండి!" అని అరిచాను.

"ఆపుతున్నం గదమ్మా," అన్నాడు కండక్టరు ఉలిక్కిపడి, "గంత గట్టిగ మొత్తుకుంటరా ఎవరన్న?"